దేహరక్షకులు – టి కణాలు

గోదావరిఖనిలో షిఫ్టు ముగించుకొని గని నుండి పైకి వచ్చిన కార్మికుని ముఖంపై ఉండే నలుపు నీటితో పోతుంది. ఊపిరితిత్తులలో చేరిన ధూళి అలా పోదు. పొరుగునున్న బసంత్‌నగర్ సిమెంటుకు, ఈ ప్రాంతమంతా బొగ్గుకు పేరు పొందినవి. బొగ్గుపొరల నడుమ ఉండే ఇసుకరాయిని తొలిచినప్పుడు సిలికా ధూళి లేస్తుంది. ఏళ్ల తరబడి ఆ ధూళిని పీల్చినవారికి క్షయవ్యాధి వచ్చే ప్రమాదం ఎక్కువ. దీనికి కారణం తెలియాలంటే మన దేహంలోని రక్షణవ్యవస్థను పరిశీలించాలి.

టి కణాలు ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిలో పరిణతి చెందుతాయి. ఈ గ్రంథి ప్రాధాన్యాన్ని 1961లో జాక్ మిల్లర్ వెల్లడించాడు. సొంత దేహంపై తీవ్రంగా దాడి చేయగల కణాలలో అధికభాగం ఇక్కడే నశిస్తాయి.

క్షయక్రిమి ఊపిరితిత్తులలో ప్రవేశించగానే భక్షక కణాలు దానిని మింగుతాయి. డెండ్రైటిక్ కణాలు క్రిమి శకలాలను శోషరస గ్రంథులకు తీసుకొనిపోయి టి కణాలకు చూపుతాయి. ఆ శకలానికి సరిపడే గ్రాహకం ఉన్న టి కణం దానిని గుర్తించడం మొదటి సంకేతం. ప్రమాదం నిజమేనని తెలిపే మరో స్పర్శ రెండవ సంకేతం. రెండవది లభించకపోతే టి కణం స్తబ్ధమవుతుంది. రెండూ అందినప్పుడు ఒక కణం విభజన చెంది వేల కణాలవుతుంది.

ఆపై పని విభజన జరుగుతుంది. సహాయక కణాలు గామా ఇంటర్‌ఫెరాన్‌ను విడుదల చేసి, భక్షక కణాలకు తాము మింగిన క్రిమిని చంపే శక్తినిస్తాయి. సంహారక కణాలు వ్యాధిగ్రస్త కణాలను నశింపజేస్తాయి. నియంత్రక కణాలు ఈ పోరు హద్దు మీరకుండా చూస్తాయి. వీటిని గురించిన పరిశోధనకు బ్రంకో, రామ్స్‌డెల్, సకగుచి అనే ముగ్గురికి 2025లో నోబెల్ బహుమతి లభించింది. జ్ఞాపక కణాలు మాత్రం ఏళ్ల తరబడి నిలిచి ఉంటాయి. మాంటూ పరీక్షలో ముంజేతిపై సూదిమందు వేసిన 48 నుండి 72 గంటలలో చర్మం గట్టిపడి ఉబ్బితే, అది ఆ జ్ఞాపకానికి గుర్తు.

సిలికా ధూళి ఈ వ్యవస్థను మొదటి మెట్టులోనే దెబ్బతీస్తుంది. ధూళికణాలను మింగిన భక్షక కణాలు జీర్ణించుకోలేక నశిస్తాయి. టి కణాలు ఎంత పిలుపునిచ్చినా క్రిమిని చంపవలసినవారే బలహీనులై ఉంటారు. ధూళి క్రిమి కాదు కనుక దానికి టీకా లేదు. పుట్టగానే వేసే బి.సి.జి. పసివారిని తీవ్రమైన క్షయ నుండి కాపాడుతుంది గాని, పెద్దలకు అంతటి రక్షణ ఇవ్వదు.

కనుక తొలిచేచోట నీరు చల్లడం, గాలి ప్రసరణ, ముఖకవచం అనేవి టి కణాలకు మనం చేయగల సాయం. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలి. మందులు పూర్తికాలం వాడాలి. దేహం తన కర్తవ్యాన్ని మరువదు. మనమూ మన కర్తవ్యాన్ని మరువరాదు.

అర్థాలు
శకలం = ముక్క
స్తబ్ధం = కదలిక లేనిది
పరిణతి = పక్వస్థితి

ప్రశ్నలు
1. టి కణం మేల్కొనడానికి రెండు సంకేతాలు ఎందుకు అవసరం?
2. సిలికా ధూళికీ క్షయకూ గల సంబంధాన్ని వివరించండి.