అలలపై స్వారి చేయు ఊళ్లు

మన పాఠశాలల పిల్లలు విహారయాత్రకు మహాబలిపురము పోవుదురు. రథములను చూచిన పిదప వారు పరుగెత్తునది సముద్రమునకే. అచ్చటను, చెన్నపట్టణపు దారిలోని కోవళములోను, పొడుగైన పలకపై నిలిచి అలమీద ఒడ్డునకు జారివచ్చు యువకులు ఇప్పుడు వారి కంటబడుచున్నారు. దీనిని సర్ఫింగ్ అందురు. ఇంటికి వచ్చి పిల్లలు అడుగు ప్రశ్నలకు తల్లిదండ్రులు ఉత్తరము చెప్పుటకై ఈ నాలుగు మాటలు.

ఈ విద్యకు పుట్టినిల్లు పసిఫిక్ మహాసముద్రపు దీవులు. హవాయివాసియైన డ్యూక్ కహనమోకు 1912లో స్టాక్‌హోము ఒలింపిక్సున ఈతపందెములో స్వర్ణపతకము గెలిచి, తరువాత ఈ క్రీడను అమెరికాలోను, ఆస్ట్రేలియాలోను ప్రచారము చేసెను. 2021లో టోక్యోలో జరిగిన ఒలింపిక్సున ఇది మొదటిసారిగా చేరినది.

శ్రీలంక తూర్పుతీరమున అరుగం బే, మొరాకో దేశమున తఘజూత్ మొదట చేపలు పట్టువారి పల్లెలు. అలల కొరకు యాత్రికులు వచ్చి నెలల తరబడి ఉండసాగిరి. బసలు, పలకలు అద్దెకిచ్చు అంగళ్లు వెలసినవి. అట్టి ఊళ్లలో గడియారముతో అంతగా పనిలేదు. అల లేనపుడు కాఫీ త్రాగుచు కూర్చుందురు. లేచినపుడు పని విడిచి పోవుదురు. చూచువారికి ఇది సోమరితనముగా తోచును. పిల్లలు చదువు మాని అట్లు కూర్చుండుట నాకును సమ్మతము కాదు. కాని ఆ కూర్చుండుటలో సగము అలను కనిపెట్టుటయే.

అల ఎక్కడ పుట్టును? సముద్రమధ్యమున గాలి నీటిని రేపును. ఆ ఊపు వేల కిలోమీటర్లు ప్రయాణించును. నీరు మాత్రము అంతదూరము రాదు. ఉన్నచోటనే గుండ్రముగా కదలును. చెరువులో రాయి వేసి, దాపున తేలుచున్న ఆకును చూపినచో పిల్లలకు ఇది బోధపడును. తీరము సమీపించిన కొలది అడుగునేల అలను అడ్డగించును. క్రిందిభాగము నెమ్మదించి పైభాగము ముందుకు వ్రాలును. లోతు అల యెత్తుకంటె కొంచెము మాత్రమే ఎక్కువైనచోట అల విరుగును. మరియు అలలు గుంపులుగా వచ్చును. పెద్దవి కొన్ని పోయిన పిదప కొంత విరామముండును.

ఈ విరామమును మన తెప్పవారు తరతరములుగా ఎరుగుదురు. దుంగలను త్రాళ్లతో కట్టిన తెప్పను ఆ విరామముననే లోనికి నెట్టుదురు. తిరిగి వచ్చునపుడు అలమీదనే ఒడ్డెక్కుదురు. ఒడిషాలోని పూరీకి యాత్రపోయినవారు, కోసుగానుండు తెల్లటోపీ పెట్టుకొని, యాత్రికుల చేయిపట్టి సముద్రస్నానము చేయించు నోలియాలను చూచియుందురు. వారిలో పలువురి ఇంటిభాష తెలుగు; ఆంధ్రతీరమునుండి పోయి స్థిరపడిన వాడబలిజలు వారు. 1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినపుడు సరిహద్దు మనమీదుగా కదలినది; వారో, వలలతో తామే సరిహద్దు దాటిరి. భాషను విడువలేదు, అలల విద్యను విడువలేదు.

కోవళములో మూర్తి మేగవన్ అను జాలరి తాను సర్ఫింగ్ నేర్చి, పల్లెపిల్లలకు నేర్పెను. 2012లో అచ్చట దీనికొక పాఠశాల ఏర్పడినది. 2025 ఆగస్టులో మహాబలిపురమున ఆసియా పోటీలు జరుగగా కర్ణాటక యువకుడు రమేశ్ బుదిహాళ్ కాంస్యపతకము గెలిచెను.

ఇక తల్లిదండ్రులు ముఖ్యముగా తెలిసికొనవలసినది. విరిగిన అలలు తెచ్చిన నీరు తిరిగి పోవుటకు దారి వెదకుకొనును. అలలు విరుగుచున్న రెండు తావుల నడుమ ప్రశాంతముగా కనబడు నీటిపట్టు తరచుగా ఆ దారియే. అల లేదుకదా యని పిల్లలు అచ్చటనే దిగుదురు! ఆ ప్రవాహము లోనికి లాగునుగాని అడుగునకు ముంచదు. ఒడ్డువైపు ఎదురీదినవాని బలము క్షీణించును. ప్రాణము పోవుట అందువలననే. తేలియుండి, చేయెత్తి కేక వేసి, ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదవలెను. కొంతదూరము పోయిన పిదప ఆ లాగుడు తగ్గును. మనది చెరువుల సీమ. చెరువులో ఈత నేర్చినవానికి ఈ సంగతి తెలియదు. ఈత రానివాడు చీలమండల లోతు దాటరాదు.

కావున యాత్రకు అనుమతిపత్రము పంపునపుడు, బిడ్డకు ఈత వచ్చునా రాదా అని దానిపై వ్రాసి సంతకము చేయవలెను. తీరము చేరిన తరువాత, ఒక్కరైనను నీట దిగకముందే, వెంటనున్న ఉపాధ్యాయుడు వల బాగుచేసికొనుచున్న జాలరి యొద్దకు పోయి, "అన్నా, ఈపూట నీరు ఎటు లాగుచున్నది?" అని అరవములో అడిగి రావలెను.