కరగని మందు ఒంటబట్టుటెట్లు?

వేరుశనగ పంటకు పేరుపొందిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతముల గృహిణులకు ఒక అనుభవము కలదు. తలకంటిన పల్లినూనె వట్టి నీటితో వదలదు. కుంకుడు రసముతో వదలును. కుంకుడులోని సాపోనిన్ అణువు ఒక కొన నీటిని, మరొక కొన నూనెను కోరును. ఇట్టి అణువులు గుంపుగూడి, నూనెను కోరు కొనలను లోపలికి ముడిచి, కంటికి కానరాని బంతులగును. వీనినే మైసెల్‌లందురు. జిడ్డు వాని నడుమ దాగి నీటితో పోవును.

మన ఉదరములోను ఇదే జరుగుచున్నది. పైత్యరస లవణములు మైసెల్‌లై, నీటిలో కరగని ఏ, డి విటమిన్లను పేగుగోడకు చేర్చును. పసుపులోని కర్కుమిన్ కూడ నీటిలో కరగదు. కొవ్వు తగిలినపుడు పైత్యరసము పేగులోనికి ధారాళముగా దిగును గనుక, పసుపును మీగడపాలతోనో, నూనె పోపుతోనో వాడుట మేలు.

సైక్లోస్పోరిన్ వంటి కరగని ఔషధమును శాస్త్రజ్ఞులు ఈ మార్గముననే, సబ్బువంటి గుణముగల పదార్థములతో కలిపి గుళికలలో నింపుచున్నారు. డైక్లోఫెనాక్‌ను నూనె బిందువులుగల జెల్‌గా చేసి కీళ్లపై పూతకిచ్చుచున్నారు.

హెచ్చరిక: కుంకుడు రసమును సేవించరాదు, సాపోనిన్లు రక్తకణములను ఛేదించగలవు. కొన్ని మందులు కొవ్వుతో కలిసినచో హెచ్చుగా ఒంటబట్టి హాని చేయును. కావున ఏ మందునైనను పరగడుపుననా, భోజనానంతరమా యని వైద్యుని అడిగియే వాడవలెను.