ఆరోగ్య ప్రశ్నోత్తరములు: మతిభ్రమ కల్గించు పదార్థములు, చట్టభయము

ప్రశ్న: మా అబ్బాయి హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్నాడు. సెలవులకు వచ్చినపుడు వాని పుస్తకములో బొమ్మలున్న చిన్న కాగితపు ముక్కలు కనబడినవి. అవి ఎల్‌.ఎస్‌.డి. యని మా తమ్ముడనుచున్నాడు. వానికి తెలియకుండ మూత్రపరీక్ష చేయించుట యెట్లు?
– ఒక తల్లి, రాజమహేంద్రవరము

జవాబు: అమ్మా, మీరడిగినది పరీక్షను గూర్చియే యైనను, మీ లేఖలో ప్రతి పంక్తియు "నా బిడ్డ నాకు దక్కునా" యనియే అడుగుచున్నట్లు నాకు తోచినది. ల్యాబులలో సాధారణముగ జరుగు మాదకద్రవ్య పరీక్షలో ఎల్‌.ఎస్‌.డి. చేరియుండదు, మైక్రోగ్రాములలో పనిచేయు ఆ పదార్థమును పట్టుటకు ప్రత్యేకపరీక్ష కావలయును. కనుక "లేదు" అని వచ్చిన కాగితము మీకు నమ్మదగని ఊరటనిచ్చును. రహస్యము బయటపడినచో వాడు మీకు నిజము చెప్పుట మానుకొనును. ఆ ముక్కలను పట్టుకొని ఎక్కడికిని తిరుగవలదు. దగ్గరనుంచుకొనుటయే నేరము గనుక ముందుగ న్యాయవాదినడుగుడు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము ఎల్‌.ఎస్‌.డి.కి రెండు మిల్లీగ్రాముల వరకే స్వల్పపరిమాణము, గ్రాములో పదియవవంతే వాణిజ్యపరిమాణము. అంతకు మించినచో పదేండ్లకు తగ్గని కారాగారము, దుర్లభమైన బెయిలు. కాగితపు బరువును లెక్కలో చేర్చవలెనా యను విషయమై న్యాయస్థానములలో వాదములు నడచినవి గనుక, "ఇంత చిన్న ముక్కయేగదా" యను ధైర్యము పనికిరాదు. అయితే వ్యసనమునకు లోనైనవాడు తనంతట తానుగ ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో చికిత్స పూర్తిచేసికొన్నచో, వాడకమునకును స్వల్పపరిమాణమునకును సంబంధించిన నేరములలో విచారణనుండి రక్షణ కల్పించు 64ఎ అను సెక్షను కూడ అదే చట్టములో కలదు. దీనిని వానికి చెప్పుడు. ఏమి తీసికొన్నాడో, ఎప్పుడు తీసికొన్నాడో, దానితో మరేమి కలిపినాడో కోపము లేక అడుగుడు. అవసరమైనచో వ్యసనవిముక్తి సహాయవాణి యగు 14446కు ఫోను చేయుడు.

ప్రశ్న: నేను డెన్వరులో ఎం.ఎస్‌. చదువుచున్నాను. కొలరాడోలో మత్తుపుట్టగొడుగులు నేరము కాదుగదా?

జవాబు: కొలరాడో ప్రజలు 2022లో వోటు వేసి రాష్ట్రచట్టమును సడలించుకొనిరి. ఫెడరల్ చట్టములో అవి నేటికిని మొదటి షెడ్యూలులోనే యున్నవి. నీకు వీసా నిచ్చినది ఫెడరల్ ప్రభుత్వము. శిక్ష పడకపోయినను, తీసికొంటినని అధికారి యెదుట ఒప్పుకొన్నంతనే దేశప్రవేశము నిరాకరింపబడవచ్చును. తీసికొనవలదు. ఇప్పటికే తీసికొనియున్నచో వలసచట్టము తెలిసిన న్యాయవాదిని కలియుము.

ప్రశ్న: బైపోలార్ వ్యాధికి లిథియం మాత్రలు వాడుచున్నాను. కొడైకెనాల్ పుట్టగొడుగులతో ఒక్కసారిగా మనస్సు కుదుటపడునని వీడియోలలో చెప్పుచున్నారు. మాత్రలు మానిన ఎన్నాళ్లకు అవి తీసికొనవచ్చును?
– 26 ఏండ్ల యువకుడు, విశాఖపట్నము

జవాబు: నాయనా, "ఎన్నాళ్లకు" అనుదానికి నేను జవాబు చెప్పను, చెప్పినచో నీ ప్రాణమునకు నేను గడువు పెట్టినవాడనగుదును. లిథియం వాడుచు ఇట్టి పదార్థములను తీసికొన్నవారికి మూర్ఛలు వచ్చినట్లు వైద్యులెరుగుదురు. లిథియంను హఠాత్తుగ మానినవారికి ఉన్మాదము తిరుగబెట్టుటయు, ఆత్మహత్యాచింతలు చెలరేగుటయు అంతకంటెను బాగుగ నెరుగుదురు. నీవు చూచిన వీడియోలలో ప్రయోగముల మాట వినబడియుండును. ఆ ప్రయోగములలో నీవంటి వ్యాధిగలవారిని, ఇంటిలో మతిభ్రమణవ్యాధి యున్నవారిని ప్రాయికముగ చేర్చుకొనరనియు, కొలిచిన శుద్ధమైన మందునిచ్చి గంటలకొలది శిక్షితులు ప్రక్కన కూర్చుందురనియు, 2023 జూలైనుండి ఆ మందును అనుమతించిన ఆస్ట్రేలియాలో సైతము ప్రత్యేకాధికారము పొందిన మానసికవైద్యులు మాత్రమే, ఇతరచికిత్సలకు లొంగని విషాదవ్యాధికి మాత్రమే ఇయ్యగలరనియు ఆ వీడియోలు చెప్పినవా? అడవిలో ఏరిన పుట్టగొడుగును గుర్తించుటకు వీడియో చాలదు. కాలేయమును ధ్వంసము చేయు విషజాతులు కొన్ని చూపునకు ఇట్లే యుండును; వాటిని తిన్నవానికి ఆరుగంటలు గడచినను ఏమియు తెలియదు, వాంతులు మొదలగునప్పటికి విషము పని సాగించుచునే యుండును. నాలుగు నిమిషముల వీడియోను నమ్మి, నాలుగేండ్లు నిన్ను చూచిన వైద్యునికి చెప్పకుండ మాత్ర మానుట నన్ను కలతపెట్టుచున్నది. చేతివణుకో, పెరిగిన బరువో, తీరని దాహమో నిన్ను విసిగించియుండవచ్చును. ఆ విసుగు న్యాయమైనది. దానినే మీ వైద్యునికి చెప్పుము. మోతాదు సవరింపవచ్చును, మందు మార్చవచ్చును. ఇదివరకే ఏదైన తీసికొనియున్నచో అదియు దాచవలదు. రాత్రి ఏవేళ మనస్సు చెదిరినను మానసికారోగ్య సహాయవాణి యగు 14416కు ఫోను చేయుము, తెలుగులోనే మాటలాడుదురు.

ప్రశ్న: ఉమ్మెత్తగింజలను చట్టము నిషేధింపలేదట. ఎన్ని తిన్నచో ప్రమాదము లేదు?

జవాబు: ఒక్కటియు తినవలదు. దత్తూరపత్రమనబడు ఉమ్మెత్తాకు వినాయకుని పూజకే యుద్దేశింపబడినది. ఒక మొక్కకును మరియొక మొక్కకును విషబలము మారుచుండును గనుక మోతాదన్న మాటయే లేదు. నోరెండి, కనుపాపలు విచ్చి, జ్వరము పెరిగి, మూత్రము బిగిసి, తల్లిని సైతము గుర్తింపలేని ప్రలాపము పట్టును. చట్టము పట్టించుకొననిదంతయు దేహము సహించునని యెవరు చెప్పిరి?

ప్రశ్న: హాస్టలులో మిత్రుడు ఎల్‌.ఎస్‌.డి. యని ఏదో మింగి వణకుచు అరచుచుండగా, పోలీసుల భయముచే నిమ్మరసము త్రాగించి గదికి తాళము వేసితిమి. తెల్లవారునప్పటికి కుదుటపడెను. మేము చేసినది సరియేనా?

జవాబు: కాదు. ఎల్‌.ఎస్‌.డి. పేర ఎన్‌బోమ్ వంటి వేరు పదార్థములమ్ముటయు, వాటిచే మూర్ఛ, తీవ్రజ్వరము, మరణము సంభవించుటయు కలదు. తెలివి సరిగా లేనివానికి నోట నేమియు పోయరాదు, వానినొంటరిగా విడువరాదు. వెలుతురు తగ్గించి, ఒకరు మెల్లగా మాటలాడుచు ప్రక్కన నుండవలెను. దేహము కాగుచున్నను, మూర్ఛ వచ్చినను, మనుష్యులను గుర్తింపకున్నను వెంటనే 108కి ఫోను చేసి, వాంతి గొంతులోనికి పోకుండ ప్రక్కకు పరుండబెట్టుడు. ఆసుపత్రివారు పోలీసులకు తెలుపవలసిన సందర్భములుండును. దానికి సమాధానము మరునాడు చెప్పుకొనవచ్చును. ఆ రాత్రి వైద్యునికి మాత్రము ఏమి మింగెనో, ఎంతసేపైనదో, వాడు నిత్యము ఏ మాత్రలు వాడునో దాచక చెప్పుడు.