ప్రశ్నలు – జవాబులు: మైకులు పెంచితే మాట వినపడదు

ప్ర: నేలకొండపల్లిలో మా భజన మండలి పదహారు మందిమి. రామదాసు జయంతికి గోష్ఠిగానం చేస్తాం. ఎనిమిది మైకులు పెట్టినా సాహిత్యం తెలియడం లేదంటున్నారు. సౌండు పెంచితే మైకు కూస్తోంది. ఇంకో ఎనిమిది కొని మనిషికొకటి ఇద్దామనుకుంటున్నాం. మిక్సర్ నుంచి తీసుకున్న రికార్డింగులో డోలక్, తాళాలు లేనే లేవు. ఏ మిక్సర్ కొనమంటారు?

జ: ఏదీ కొనకండి. ఈ మధ్య మండళ్ల నుంచి వచ్చే ఉత్తరాల్లో సగం ఇదే బాధ, సగం మందికి తోచిన మందు కూడా ఇదే. తెరిచి ఉన్న మైకులు రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా పెంచుకోగలిగే సౌండు 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. అంటే మీరు డబ్బు పోసి నష్టం కొనుక్కోబోతున్నారు. అదే పాడేవారి నోటికీ మైకుకీ మధ్య దూరం సగం చేస్తే పైసా ఖర్చు లేకుండా 6 డెసిబెల్స్ కలిసొస్తుంది.

ముందు పాడే ఒక్కరికి మంచి మైకు ఇచ్చి, నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకోమనండి. జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోవద్దు, అలా మూస్తే మైకు అన్ని వైపుల నుంచీ సౌండు లాగి కూస్తుంది. వంత పాడేవాళ్లకి నలుగురికొక మైకు చాలు. వాళ్లకి మైకు రెండడుగుల దూరంలో ఉంటే, పక్క మైకు ఆరడుగుల అవతల ఉండాలి. వంత మైకులు ముందు గొంతు కన్నా ఓ మెట్టు కిందే ఉంచమనండి. సౌండ్ బాక్సులు మైకుల వరస కన్నా ముందుకు జరిపి, జనం వైపు తిప్పండి. పాడేవాళ్ల కోసం పెట్టే మానిటర్ మైకు వీపు వైపు ఉండాలి. చిన్న మందిరంలో డోలక్‌కీ తాళాలకీ మైకే అక్కర్లేదు.

రికార్డింగులో అవి లేకపోవడానికి కారణం కూడా అదే. ఆపరేటర్ మిక్సర్‌లో పెంచేది హాల్లో వినపడని వాటిని. డోలక్ తనంతట తానే మోగుతుంది కాబట్టి దాన్ని తగ్గించేస్తాడు. అతని తప్పు లేదు, ఆ మిక్సింగు హాలు కోసం చేసింది. మీరు ఒక చిన్న స్టీరియో రికార్డర్‌ని స్టాండు మీద, జనం తలల కన్నా ఎత్తున, వేదికకి పది పన్నెండడుగుల దూరంలో పెట్టండి. మిక్సర్ నుంచి వచ్చేది విడిగా తీసుకోండి. మొదట్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొడితే తరువాత రెండింటినీ ఆ చప్పుడు దగ్గర కలపొచ్చు. 24 బిట్‌లో పెట్టి, ఎంత గట్టిగా పాడినా మీటర్ ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆగేలా చూడండి. నెమ్మదిగా ఉన్నదాన్ని ఇంటికొచ్చి పెంచుకోవచ్చు. పగిలిన సౌండుని ఎవరూ అతికించలేరు.

అసలు మాట ఇంకొకటుంది. రామదాసు, అంటే కంచర్ల గోపన్న, మీ ఊళ్లో పుట్టినవాడు. గోల్కొండ చెరలో ఉండి రాముడితో పోట్లాడాడు, లెక్కలడిగాడు, అలిగాడు, బతిమాలాడు. ఆ కీర్తనల ప్రాణమంతా మాటలో ఉంది. మాట తెలియకుండా పెద్దగా మోగిస్తే ఆయన మొర సగమే చేరుతుంది. మైకుల డబ్బుతో రెండు పూటలు రిహార్సల్ పెట్టుకుని, మైక్‌సెట్ అతన్ని కూడా పిలవండి. అతనికీ పాట తెలియాలి. చాలా మండళ్లు అతన్ని కార్యక్రమం రోజున తిట్టడానికే పిలుస్తాయి.

ప్ర: కీబోర్డు కలపగానే బుయ్‌మని హమ్ వస్తోంది. ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేస్తే పోతోంది. అలా వాడొచ్చా?

జ: వద్దు, ఇవాళే ఆ పిన్ను మళ్లీ పెట్టించండి. ఎర్త్ లేని ఆంప్లిఫయర్‌లో లోపల ఒక తీగ ఊడి బాడీకి తగిలితే, ఆ కరెంటు మైకు పట్టుకుని పాడుతున్న పిల్లవాడి పెదవుల దాకా వస్తుంది. వేదిక మీది సామాను, మిక్సర్ అన్నీ ఒకే బోర్డు నుంచి, మంచి ఎర్త్‌తో తీసుకోండి. అప్పటికీ హమ్ ఉంటే కీబోర్డుకీ మిక్సర్‌కీ మధ్య డీఐ బాక్సు పెట్టి, దాని మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. అది సిగ్నల్ తీగలోని గ్రౌండ్‌నే విడదీస్తుంది, మనిషిని కాపాడే ఎర్త్‌ని ముట్టుకోదు. జనరేటర్ మీద ఆడించేవాళ్లు కరెంటు లీకైతే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయకండి.

ప్ర: ఊరేగింపులో మా బ్యాండు రాత్రి 11 దాకా సౌండు పెట్టొచ్చా?

జ: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మామూలుగా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు.

ప్ర: భద్రాచలం వైపు కోయ గూడేల్లో పెద్దవాళ్ల పాటలు రికార్డు చేయాలనుంది. లక్ష రూపాయల సామాను కూడబెట్టాక మొదలుపెడదామా?

జ: ఈ వారమే మొదలుపెట్టండి. మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్య గారు కంచుమేళం మీద సమ్మక్క సారలమ్మల కథ, కోయల వంశ గాథలు పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. అలాంటి గొంతులు మీరు డబ్బు కూడబెట్టేదాకా ఉండవు. ఫోను చాలు, ఓ చిన్న కాలర్ మైకు తగిలిస్తే ఇంకా మంచిది. ఫ్యాను ఆపించండి. గాలి కొట్టకుండా మైకుకి నురుగు తొడుగు వేయండి. కొమ్ముకోయ ఆటలో డోలు మీద పడితే గొంతులు మునిగిపోతాయి కాబట్టి ఆటని దూరం నుంచి ఒకసారి, పాటని డోలు లేకుండా కూర్చోబెట్టి ఇంకోసారి తీయండి. మొదట్లో పాడేవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల గొంతుతోనే చెప్పించండి. పాడేముందు అనుమతి అడగండి. పూజలో తప్ప పాడకూడని పాటలుంటాయి, వాటిని అడగకండి. ఫైలు రెండు చోట్ల దాచి, మూడో కాపీ వాళ్ల మనవల ఫోనులో అదే పూట ఎక్కించండి.