వెనక రెండూ నీ చేత్తో, ముందు రెండూ బెంచీ మీద

విజయవాడ

చిన్నా,

నువ్వు పోలో జీటీకి షాకబ్జర్లు నీ చేత్తోనే మారుస్తానంటున్నావని, జియా సరాయ్‌లో గది ముందే పని పెట్టుకుంటావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నీకు నచ్చజెప్పి మాన్పించమని నన్ను రాయమంది. మాన్పించడానికి నేను రాయడం లేదురా అల్లుడూ. మెకానికల్ చదివావు, గేట్ కోచింగ్‌కని ఢిల్లీ వెళ్ళావు, గుర్గావ్‌లో ఉద్యోగం తెచ్చుకున్నావు. యంత్రం గురించి అన్నేళ్ళు చదివినవాడు బండి కిందికి ఒక్కసారైనా దూరాలి. కాకపోతే ఎక్కడ చేయాలి, ఎంతవరకు చేయాలి అన్న రెండు సంగతుల్లో నా మాట విను. ఆటోనగర్‌లో ఇన్నేళ్ళు సస్పెన్షన్ పనే చేసినవాణ్ణి, ఆ మాత్రం హక్కు నాకుంది.

ముందు అసలు షాకబ్జర్లు పోయాయని ఎలా తేల్చావు? గుంతల్లో టకటకమంటోందని అన్నావట. చిన్న గుంతల్లో, నెమ్మదిగా పోతున్నప్పుడు వచ్చే టకటక చాలాసార్లు లింక్ రాడ్‌ది, లేదా స్ట్రట్ పైన కూర్చునే మౌంటుది, లోయర్ ఆర్మ్ బుష్‌ది. షాకబ్జర్ చచ్చిపోయేటప్పుడు సాధారణంగా అంత చప్పుడు చేయదు. స్పీడు మీద ఒక ఎగుడు దాటాక బండి రెండు మూడుసార్లు ఊగుతుంది, బ్రేకు నొక్కితే మూతి కిందికి దిగిపోతుంది, టైరు అరిగిన చోట చేత్తో తడిమితే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. రాడ్ దగ్గర కాస్త తేమ కట్టి దుమ్ము పట్టి ఉంటే భయపడక్కర్లేదు. నూనె గొట్టం పొడవునా కారి ఉంటే మాత్రం దాని పని అయిపోయినట్టే. బానెట్ మీద చేత్తో నొక్కి వదిలి చూసే పాత పరీక్షను నమ్ముకోకు, సగం పోయిన షాకబ్జర్ కూడా అందులో పాసైపోతుంది. లింక్ రాడ్లు మారిస్తే తీరే జబ్బుకు నాలుగు షాకబ్జర్ల డబ్బు పోయకూడదు.

నువ్వు క్లాసులో మాస్, స్ప్రింగ్, డ్యాంపర్ బొమ్మ వేసి లెక్కలు కట్టినవాడివే. బండి బరువు మోసేది స్ప్రింగు. షాకబ్జర్ బరువు మోయదు, ఆ స్ప్రింగు ఊపును నూనెలోకి దింపి వేడిగా మార్చేస్తుంది. లోపల పిస్టన్‌కున్న సన్నని వాల్వుల గుండా నూనె తోసుకుపోవాలి, అందుకే వేగంగా కదిపితే గట్టిగా నిలబడుతుంది, మెల్లగా కదిపితే లొంగుతుంది. గ్యాస్ షాకబ్జర్ అన్నా లోపల నూనె ఉంటుంది. ఆ నూనె నురగ కట్టకుండా నైట్రోజన్ ఒత్తిడి పెడతారు, అంతే. ఈ సంగతి మరిచిపోయి చాలామంది షాకబ్జర్ మారిస్తే బండి ఎత్తు పెరుగుతుందనుకుంటారు. ఎత్తు తగ్గిందంటే స్ప్రింగు చూడాలి.

ఇక చోటు. నిన్ను దింపడానికి వచ్చినప్పుడు మీ జియా సరాయ్ చూశాను కదా. ఐఐటీకి ఆనుకుని పుస్తకాల కొట్లు, జిరాక్స్ మిషన్లు, కోచింగ్ బోర్డులు, ఎదురెదురుగా రెండు స్కూటర్లు వస్తే ఒకటి ఆగాల్సిన సందులు. నేల కాలవ వైపు వాలు. అక్కడ జాకీ మీద బండి ఎత్తితే, దారి లేక ఎవడో ఒకడు బండిని భుజంతో నెట్టుకుంటూ పోతాడు. నువ్వు కింద ఉంటావు. ఈ ఒక్క కారణం చాలు. ద్వారకలో మీ స్నేహితుడున్న అపార్టుమెంటు సెల్లార్‌లో గట్టి కాంక్రీటు నేల ఉంటుంది, చదునుగా ఉంటుంది. సొసైటీ వాళ్ళను ముందే అడిగి ఒక ఆదివారం పగలు అక్కడ పెట్టుకో. ఒంటరిగా చేయకు. పక్కన ఒక మనిషి ఉండాలి, పని చేయడానికి కాదు, నీకేమైనా అయితే జాకీ ఎత్తడానికి.

ఆ రోజు వెనక రెండూ మార్చు. నీ బండికి వెనక స్ప్రింగు వేరు, షాకబ్జర్ వేరు. అందుకే అది నీ చేతికి తగిన పని. గేరు పీలో పెడితే ముందు చక్రాలు కదలవు, అయినా వాటికి రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టు. బండిని జాకీతో ఎత్తి, కింది పట్టీ మీద కంపెనీవాడు గుర్తు పెట్టిన చోట జాకీ స్టాండ్లు ఆనించు. బండి స్టాండ్ల మీద కూర్చున్నాక చేత్తో గట్టిగా ఊపి చూడు. ఊగితే కిందికి దించి మళ్ళీ పెట్టు, సిగ్గుపడకు. విప్పిన చక్రాన్ని పట్టీ కిందికి తోసి ఉంచు. ఇటుకల మీద బండి ఆనించేవాళ్ళను చూస్తావు. ఇటుక చెప్పకుండా పగులుతుంది.

ఒక వైపు పూర్తిగా బిగించాకే రెండో వైపు విప్పు. వెనక ఇరుసు కిందికి జారిపోకుండా పట్టుకునేవి ఆ షాకబ్జర్లే. రెండూ ఒకేసారి తీస్తే ఇరుసు వేలాడుతుంది, స్ప్రింగులు ఊడి దొర్లుతాయి, బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు లాగబడతాయి. అందుకని ఇరుసు కింద రెండో జాకీ ఆనించి, కింది బోల్టు మీద భారం పోయేంతవరకు మెల్లగా ఎత్తి, అప్పుడు విప్పు. బోల్టు సులువుగా చేతికి రావాలి. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే జాకీ ఎత్తు తప్పు. ముందురోజు సాయంత్రమే బోల్టులకు తుప్పు వదిలే నూనె కొట్టి ఉంచు. ఆరు మూలల సాకెట్టే వాడు, పన్నెండు మూలలది తల కొరికేస్తుంది.

కొత్త షాకబ్జర్‌ను బిగించే ముందు నిలువుగా పట్టుకుని నాలుగైదుసార్లు పూర్తిగా నొక్కి లాగు. పెట్టెలో పడుకోబెట్టి తెచ్చింది కాబట్టి లోపలి గాలి పైకి పోవాలి. రాడ్‌ను ప్లయర్‌తో పట్టుకోవద్దు, ఎంత గుడ్డ చుట్టినా సరే. ఆ నున్నటి క్రోమ్ మీద గీత పడితే సీలు కొన్నాళ్ళలోనే చిరుగుతుంది.

ఇప్పుడు చెప్పేది చాలా వర్కుషాపుల్లో కూడా పాటించరు, నువ్వు పాటించు. కింది బుష్‌లో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతికి ఉంటుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది. బండి దిగాక ఇరవై నాలుగు గంటలూ మెలి తిరిగే ఉంటుంది, మెడ వంకరగా పెట్టి పడుకున్న మనిషిలా. కాబట్టి ఇరుసును జాకీతో మామూలుగా బండి నిలబడే ఎత్తుకు లేపి, అప్పుడు చివరి బిగింపు ఇవ్వు, అదీ టార్క్ రెంచితో. చక్రం బోల్టులకు నీ బండిలో 120 న్యూటన్ మీటర్లు. షాకబ్జర్ బోల్టుల అంకెలు రిపేరు మాన్యువల్లో నీ మోడల్‌కే చూసుకో, ఎవడో చెప్పింది పట్టుకోకు. ఒకసారి వాడి పారేయాల్సిన లాక్ నట్లు కొన్ని ఉంటాయి, అవి కొత్తవే తెచ్చుకో.

ముందు వైపు మాత్రం వేరు సంగతి. అక్కడ స్ప్రింగు, షాకబ్జర్ కలిసి ఒకే స్ట్రట్. ఫోర్డ్‌లో పనిచేసిన మెక్‌ఫర్సన్ అనే ఇంజినీరు పేరు మీదుగా నడుస్తున్న పద్ధతే అది. చవగ్గా అవుతుంది, చోటు తక్కువ తీసుకుంటుంది, అందుకే చిన్న కార్లు చాలావరకు దాని మీదే నడుస్తున్నాయి. కాని షాకబ్జర్ బయటికి రావాలంటే స్ప్రింగును నొక్కి పట్టాలి. బండి ముందు ఒక్కో మూల సుమారు మూడు వందల కిలోలు మోసే స్ప్రింగు అది. ఆన్‌లైన్లో దొరికే రెండు కొక్కేల కంప్రెసర్లు ఒకటి జారితే రెండోది కూడా వదిలేస్తుంది, స్ప్రింగు ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. అది మొహం మీదికి రావచ్చు. నొక్కకుండా పై నట్టు విప్పేసినా అదే గతి. నువ్వు ఎంత జాగ్రత్తపరుడివైనా సరే, ఈ ఒక్క పని నేల మీద కూర్చుని చేయడానికి నేను ఒప్పుకోను.

అలాగని ముందు వైపంతా మెకానిక్‌కు అప్పజెప్పమనడం లేదు. చేయడం కుదిరితే స్ట్రట్లు నువ్వే దింపు. ఏబీఎస్ వైరు, బ్రేకు గొట్టం క్లిప్పుల్లోంచి తప్పించు, హబ్బును తాడుతో కట్టి వేలాడకుండా చూడు, ముందు చక్రాలు పైకి లేస్తే గేరు పీలో ఉన్నా లాభం లేదు కాబట్టి హ్యాండ్ బ్రేకు లాగి వెనక చక్రాలకు దిమ్మలు పెట్టు. దింపిన స్ట్రట్లను గోడకు బిగించిన పెద్ద కంప్రెసర్ ఉన్న వర్కుషాపుకు సంచిలో వేసుకుని వెళ్ళు. నీ కళ్ళ ముందే మార్పించుకో. రాడ్ మీద ఇంపాక్ట్ గన్ పెట్టనివ్వకు, లోపల పిస్టన్ గిర్రున తిరుగుతుంది. రాడ్ కొసలో అలెన్ కీ, నట్టుకు రింగ్ పానా, అలా బిగించమను. పై మౌంటు, బేరింగు, బంప్ స్టాప్, దుమ్ము గొట్టం ఇప్పుడే కొత్తవి వేయించు. వాటి కోసం మళ్ళీ స్ప్రింగు నొక్కించడం దండగ.

సామాను ఎక్కడ కొనాలని అడుగుతావు. కశ్మీరీ గేట్ బజారుకు వెళ్తే ఏ బండికైనా ఏదైనా దొరుకుతుంది, అసలుదీ దొరుకుతుంది, అసలుదాని పెట్టెలో నకిలీదీ దొరుకుతుంది. అక్కడ షాకర్ అని అడుగు. పాతదాని మీద చెక్కిన నంబరుతో పోల్చు, బిల్లు లేకుండా కొనకు, జతగానే కొను. ఒక వైపు కొత్తది, ఒక వైపు పాతది వేసిన బండి బ్రేకు నొక్కితే పక్కకి లాగుతుంది. నీకు తెలుసో లేదో, మన దేశంలో షాకబ్జర్ల పేరు చెప్పగానే గుర్తొచ్చే గాబ్రియేల్ ఇండియాను 1961లో మొదలుపెట్టిన ఆనంద్ గ్రూపు ప్రధాన కార్యాలయం నీ గదికి దగ్గర్లోనే, హౌజ్ ఖాస్‌లో అరవిందో మార్గ్ మీద ఉంది. నువ్వు రోజూ వెళ్ళే గుర్గావ్‌లో హీరో హోండా బళ్ళకు షాకబ్జర్లు చేసిచ్చిన ముంజాల్ షోవా ఫ్యాక్టరీ ఉంది. ఈ వస్తువు పుట్టే చోటే ఉంటున్నావు, నకిలీది వేసుకోవలసిన ఖర్మ నీకు లేదు.

బండి కిందికి దించే స్ప్రింగులు వేద్దామనుకుంటున్నావేమో, ఆ మాట ఇప్పుడే వదిలెయ్. ఢిల్లీ స్పీడ్ బ్రేకర్లు నీకు తెలియనివి కావు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, కంపెనీ చేసిన రూపాన్ని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. ఒకవేళ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళకు అదొక సాకు. నీది 2014 మోడలు. వయసైన బండి. ఖరీదైన రేసు సామానుకు కాదు, కంపెనీ ఇచ్చిన మాదిరి మంచి షాకబ్జర్లకు డబ్బు పెట్టు. ఆ 105 గుర్రాల టీఎస్‌ఐ ఇంజను సరదా అంతా రోడ్డును వదలని టైరులోనే ఉంది, దానికి ఇవి చాలు.

ముందు వైపు పని అయిన రోజే వీల్ అలైన్‌మెంటు చేయించు. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం బోల్టులు మళ్ళీ చూసుకో. పాత షాకబ్జర్లు గ్యాసుతో ఒత్తిడి మీద ఉంటాయి, కోయకు, నిప్పు దగ్గర పెట్టకు. కబాడీవాడికి ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పి ఇవ్వు. కారిన నూనెను మీ సందు కాలవలో పోయకు, డబ్బాలో పట్టి వర్కుషాపులో ఇచ్చెయ్.

డబ్బు కట్టే ముందు నాలుగు టైర్ల లోపలి అంచులూ, పాత షాకబ్జర్ల మీది నంబర్లూ ఫోటో తీసి పంపు. అవి చూశాక అసలు మార్చాలో లేదో ఇద్దరం మాట్లాడుకుందాం. మీ అమ్మకు నేను సర్ది చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య