దామెర్ల రామారావు: ఆంధ్ర చిత్రకళకు దారి వేసిన కుంచె

ఆధునిక ఆంధ్ర చిత్రకళపై ప్రశ్న వస్తే ముందుగా గుర్తు రావలసిన పేరు దామెర్ల రామారావు (1897–1925). రాజమండ్రి ఆయన ఊరు. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. చదువు బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో సాగింది.

పరీక్షల్లో తికమక పెట్టేది శైలి గురించిన ప్రశ్నే. రామారావుది అచ్చమైన బెంగాల్ శైలి కాదు. మానవ శరీర నిర్మాణాన్ని పాశ్చాత్య పద్ధతిలో అభ్యసించారు, రేఖలోని లాలిత్యాన్ని అజంతా నుంచి అందుకున్నారు. ఆయన స్త్రీమూర్తుల్లో ఈ రెండూ కలిసిపోయాయి; ఆ మూర్తులు మన ఇళ్లలోని మనుషుల్లాగే కనిపిస్తాయి. ‘పుష్పాలంకరణ’, ‘నందిపూజ’, ‘సిద్ధార్థ రాగోదయం’ ప్రసిద్ధ చిత్రాలు. ప్రకృతి దృశ్యాల్లో నీటిరంగుల పలుచని పూతలతో గోదావరి తీరపు వెలుగును పట్టుకున్నారు. వీటికి దక్కాల్సినంత ప్రశంస దక్కలేదనే చెప్పాలి.

రాజమండ్రిలో చిత్రకళాశాల స్థాపించి శిష్యులను తయారుచేశారు. మశూచి సోకి 28 ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కృషిని కొనసాగించారు. రామారావు పేరిట ఆర్ట్ గ్యాలరీ రాజమండ్రిలోనే ఉంది.