డైరీ

థానే జిల్లాలోని భివండి మరమగ్గాల పట్టణం. తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలీలు ఎందరో ఇక్కడి పద్మానగర్‌లో స్థిరపడ్డారు. మరమగ్గాన్ని వారు సాంచ అంటారు. సాంచ నడిపేవారికి నేసిన మీటర్ల లెక్కన కూలి. ఏ రోజు ఎన్ని మీటర్లు దిగాయో, కరెంటు ఎంతసేపు పోయిందో వారం తిరిగేసరికి ఎవరికి గుర్తుంటుంది? ఏ రోజుది ఆ రోజే రాసుకున్నవాడు కూలి పంచే నాడు తన లెక్క తాను చెప్పగలడు.

డైరీ లెక్కలకే కాదు. ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుండి కాశీకి బయలుదేరి, దారిలో చూసినవి ఎప్పటికప్పుడు రాసి మిత్రునికి పంపారు. ఆయన మరణానంతరం, 1838లో అది 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. అన్ని డైరీలూ అచ్చు కానక్కరలేదు. పగలంతా వీధిలో హిందీ, మరాఠీ మాట్లాడే పిల్లవాడు రాత్రి నాలుగు వాక్యాలు తెలుగులో రాసుకుంటే, ఇంట్లో అమ్మ పలికే మాటలు అతని చేతిరాతలోనూ నిలుస్తాయి.